టైపు రాస్తే కోడ్ పుట్టేలా: హాస్కెల్‌లో డెరైవింగ్‌ను పద్ధతిగా వాడుకోవడం ఎలా

నల్గొండ జిల్లాలో మా ఊరి వడ్ల కొనుగోలు కేంద్రంలో లెక్కలు చూసే మిత్రుడి కోసం నేనొకసారి హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. టోకెన్ ఇచ్చిన దగ్గరి నుంచి రైతు ఖాతాలో డబ్బు పడే దాకా ఏ కుప్ప ఏ దశలో ఉందో చెప్పడమే దాని పని. ఆ దశలను ఒక టైపుగా (ఒక విలువ ఏయే రూపాల్లో ఉండవచ్చో చెప్పే నిర్వచనంగా) రాసుకొని దాని చుట్టూ ఐదు ఫంక్షన్లను చేత్తోనే రాశాను: రెండు దశలు ఒకటేనా అని పోల్చేది, ఏది ముందో చెప్పేది, తెర మీద చూపేది, చిట్టాలో వరుస రాసేది, ఫోన్ యాప్‌కు జేసన్‌గా (ప్రోగ్రాంలు సమాచారం పంచుకొనే పాఠ రూపంలో) పంపేది. తరువాత ఒక దశను కొత్తగా చేర్చవలసి వచ్చినప్పుడు నాలుగు చోట్ల మార్చి ఐదో చోట మరిచిపోయాను. కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ కూడా ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ ఐదో ఫంక్షన్ చివర 'మిగతావన్నీ ఇంతే' అనే అర్థంలో అండర్‌స్కోర్ గీత ఒకటి నేనే పెట్టి ఉంచాను.

ఆ ఐదింటిలో వేటిని కంపైలర్ చేత రాయించవచ్చో, ఎలా రాయించాలో, వేటిని దానికి అప్పగించకూడదో ఇక్కడ క్రమంగా చెబుతాను. టైపును చూసి కంపైలరే ఇలా కోడ్ రాసిపెట్టడాన్ని డెరైవింగ్ అంటారు. ప్రతి అడుగులోనూ మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: నాకు కావలసిన అర్థం టైపు ఆకారంలోనే ఉందా, లేక నా మనసులో మాత్రమే ఉందా? ఆకారంలో ఉన్నదాన్ని కంపైలర్ మనకంటే తప్పు లేకుండా చదువుతుంది. మనసులో ఉన్నదాన్ని అది చదవలేదు, చదవలేకపోయానని చెప్పదు కూడా.

ఒక సంగతి ముందే చెప్పాలి. నమూనాలను చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాను గాని, ఎడిటర్‌లో మీరు వాటిని ఇంగ్లిషు అక్షరాలతోనే రాసుకోవాలి. హాస్కెల్‌లో టైపు పేరూ, ఆ టైపు విలువలను తయారుచేసే కన్‌స్ట్రక్టర్ పేరూ పెద్దక్షరంతో మొదలు కావాలి, మన లిపిలో పెద్దక్షరమూ చిన్నక్షరమూ అనే తేడాయే లేదు కనుక తెలుగు పేరును కంపైలర్ కన్‌స్ట్రక్టర్‌గా ఒప్పుకోదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

జీహెచ్‌సీఅప్ అనే సాధనంతో జీహెచ్‌సీ కంపైలర్‌ను పెట్టుకోండి. 9.10 లేదా దాని తరువాతి వెర్షన్ అయితే ఫైలు తలలో జీహెచ్‌సీ2024 అనే భాషా సంచికను కోరవచ్చు, డెరైవింగ్ స్ట్రాటజీస్ (కోడ్‌ను ఏ పద్ధతిలో పుట్టించాలో పేరు పెట్టి చెప్పే సౌకర్యం) అందులో కలిసే వస్తుంది. 9.2 నుంచి ఉన్న జీహెచ్‌సీ2021 సంచిక వాడుతున్నవారు దాన్ని విడిగా తెరుచుకోవాలి. డెరైవింగ్ వయా, డెరైవ్ ఎనీ క్లాస్, డిఫాల్ట్ సిగ్నేచర్స్ అనే మూడు ఎక్స్‌టెన్షన్లను, అంటే అదనపు భాషా సౌకర్యాలను, మాత్రం రెండు సంచికల్లోనూ మనమే పేరు పెట్టి తెరవాలి. ముఖ్యమైన హెచ్చరికలను చూపే వాల్ జెండాతో (కంపైల్ ఆదేశంలో చేర్చే ఎంపికను జెండా అంటారు) పాటు, స్ట్రాటజీ రాయని ప్రతి డెరైవింగ్‌నూ ఎత్తిచూపే 'మిస్సింగ్ డెరైవింగ్ స్ట్రాటజీస్' హెచ్చరికను కూడా పెట్టుకోండి. ఎందుకో నాలుగో అడుగులో తెలుస్తుంది.

మొదటి అడుగు: టైపులు

కోడ్ పుట్టించే పనిలో సగం ఇక్కడే అయిపోతుంది. కొనుగోలు కేంద్రంలో వడ్లను రెండు కోణాల్లో చూస్తారు, ఈ రెండింటినీ కలిపేసి ఒకే టైపు చేయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. మద్దతు ధర గ్రేడును బట్టి ఉంటుంది: 2025-26 వానాకాలానికి సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి ఇస్తున్న 500 రూపాయల బోనసు మాత్రం సన్న వడ్లకే. కనుక గ్రేడు ఒక టైపు, దొడ్డు-సన్నం అనే తేడా మరో టైపు. దశలకు మూడో టైపు ఇలా రాయండి:

డేటా దశ
  = టోకెన్‌ఇచ్చింది
  | ఆరబోసింది
  | కాంటాఅయింది
  | మిల్లుకుపోయింది
  | డబ్బుపడింది
  డెరైవింగ్ స్టాక్ (ఈక్, ఆర్డ్, షో, ఈనమ్, బౌండెడ్)

నిలువు గీత 'ఇదో అదో' అని చెబుతుంది, ఇలాంటి టైపును మొత్తం టైపు (ఇంగ్లిషులో సమ్ టైపు) అంటారు. ఒకే కన్‌స్ట్రక్టర్ కింద ఫీల్డులను పక్కపక్కన పెడితే 'ఇదీ అదీ' అవుతుంది, దాన్ని లబ్ధం టైపు (ప్రోడక్ట్ టైపు) అంటారు. మన కుప్ప రికార్డు లబ్ధమే: టోకెన్ సంఖ్య, రైతు పేరు, రకం, గ్రేడు, సంచుల సంఖ్య, బరువు, తేమ, దశ. బరువును దశాంశ సంఖ్యగా కాక గ్రాముల్లో పూర్ణాంకంగా ఉంచండి. తేమనూ పదో వంతుల్లో పూర్ణాంకంగానే ఉంచితే, వడ్లకు ఉన్న 17 శాతం హద్దు దగ్గర 'పదిహేడా, పదిహేడుకు కొంచెం ఎక్కువా' అనే తగాదా కనీసం కంప్యూటర్ వల్ల రాదు. కాంటా దగ్గర ఎలాగూ వస్తుంది.

రెండో అడుగు: భాషతోనే వచ్చే డెరైవింగ్

పై నమూనాలో స్టాక్ అన్న మాటకు అర్థం, ఈ క్లాసుల (ఒక టైపుతో ఏ పనులు చేయవచ్చో చెప్పే ఒప్పందాల) కోడ్‌ను ఎలా రాయాలో కంపైలర్‌కు పుట్టుకతోనే తెలుసని. ఈక్, ఆర్డ్, ఈనమ్, బౌండెడ్, షో, రీడ్, ఐఎక్స్ అనే ఏడింటికి పద్ధతిని హాస్కెల్ 98 నివేదికే నిర్ణయించింది. ఫంక్టర్, ఫోల్డబుల్, ట్రావర్సబుల్, జెనెరిక్ వంటివి తరువాత ఎక్స్‌టెన్షన్లుగా వచ్చి చేరాయి.

ఈక్ విషయంలో సందేహపడవలసింది దాదాపు ఏమీ లేదు: కన్‌స్ట్రక్టర్ ఒకటే అయి, ఫీల్డులన్నీ సమానమైతే రెండు విలువలూ సమానమే.

ఆర్డ్ దగ్గర ఆగాలి. పుట్టించిన ఆర్డ్ మీరు కన్‌స్ట్రక్టర్లను రాసిన వరుసనే క్రమంగా తీసుకుంటుంది, ముందు రాసినది చిన్నది. దశలను కాలక్రమంలో రాశాం కనుక 'కాంటా దాటిన కుప్పలన్నీ' అని అడగాలంటే దశ కాంటాఅయిందికి సమానమో పెద్దదో అని చూస్తే సరిపోతుంది. అయితే రేపెవరో ఫైలు చక్కగా ఉండాలని ఆ పేర్లను అక్షర క్రమంలో సర్దితే ప్రోగ్రాం యథాతథంగా కంపైల్ అవుతుంది, జవాబులు మాత్రం తారుమారవుతాయి. పోచంపల్లిలో, పుట్టపాకలో ఇక్కత్ చీరకు నమూనా మగ్గం మీద పుట్టదు. నూలుకు ముడులు కట్టి రంగులో ముంచినప్పుడే అది ఖాయమవుతుంది, ముడి జరిగితే నేత ఎంత బాగున్నా పువ్వు చెదురుతుంది. కన్‌స్ట్రక్టర్ల వరుస కూడా ఆ ముడి లాంటిదే, కనుక వరుస మీద ఆధారపడే టైపు పైన 'ఈ వరుస కాలక్రమం, మార్చవద్దు' అని ఒక వ్యాఖ్య రాసి పెట్టండి.

రికార్డుకు ఆర్డ్ పుట్టిస్తే మొదటి ఫీల్డును ముందు పోలుస్తుంది, అది సమానమైతేనే రెండోదానికి వెళుతుంది. టోకెన్ సంఖ్య మొదట ఉంటే టోకెన్ల వరుస వస్తుంది, రైతు పేరు మొదట ఉంటే పేర్ల వరుస వస్తుంది. ఆ పేర్ల వరుస కూడా యూనికోడ్ సంకేత సంఖ్యల వరుసే గాని నిఘంటువు వరుస కాదు. 'ఒక కుప్ప మరో కుప్ప కంటే చిన్నది' అనే మాటకు కేంద్రంలో ఎవరూ అర్థం చెప్పలేరు కనుక, కుప్ప రికార్డుకు ఆర్డ్ అసలు పుట్టించకపోవడమే మేలని నా అభిప్రాయం. క్రమం కావలసిన చోట 'టోకెన్ ప్రకారం', 'బరువు ప్రకారం' అని పేరు పెట్టి సార్ట్‌ఆన్ ఫంక్షన్‌తో పేర్చుకోండి.

ఈనమ్, బౌండెడ్ జంట చాలా ఉపయోగపడుతుంది. మిన్‌బౌండ్ నుంచి చివరి దాకా అని జాబితా అడిగితే అన్ని దశలూ వస్తాయి, తెర మీది డ్రాప్‌డౌన్‌ను దానితో నింపితే కొత్త దశ చేర్చిన రోజున అది దానంతట అదే జాబితాలో కనిపిస్తుంది. ఫీల్డులున్న కన్‌స్ట్రక్టర్ ఒక్కటి ఉన్నా ఈనమ్ పుట్టదన్నది గుర్తుంచుకోండి. దాని వెంట ఒక ఉచ్చు కూడా ఉంది. ఫ్రమ్‌ఈనమ్ ఇచ్చే సంఖ్యను డేటాబేసులో దాచుకుంటే, మధ్యలో ఒక దశ చేరిన మరుక్షణం దాని తరువాతి దశల్లో ఉన్న పాత వరుసలన్నిటి అర్థమూ ఒక మెట్టు జరుగుతుంది. నిన్న మిల్లుకు పోయిన కుప్ప ఇవాళ మరో దశలో కనిపిస్తుంది. దాచేటప్పుడు సంఖ్యను కాదు, మీరే నిర్ణయించిన పేరును దాచండి.

షో గురించి తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం ఉంది. రాములు అనే పేరున్న రికార్డును షోతో చూస్తే పేరు ఉండవలసిన చోట \3120\3134\3118\3137\3122\3137 అని కనిపిస్తుంది. మొదటిసారి చూసి ఫాంటు లోపమనుకొని నేను ఒక పూట పోగొట్టుకున్నాను. అది లోపం కాదు. షో అనేది ప్రోగ్రామర్ చూసుకోవడానికి, తిరిగి హాస్కెల్ కోడ్‌లో అతికించుకోవడానికి ఉద్దేశించినది కనుక ఆస్కీ పరిధి దాటిన ప్రతి అక్షరాన్నీ దాని సంకేత సంఖ్యగా రాస్తుంది, 3120 అంటే 'ర'. రైతుకిచ్చే రసీదులో మాట వేరు, దాన్ని చేత్తో రాసిన ఫంక్షన్ నుంచి తీసుకొని పుట్‌స్ట్ర్‌ఎల్ఎన్‌తో అచ్చు వేయండి.

మూడో అడుగు: పుట్టిన కోడ్‌ను కళ్ళతో చూడటం

ఈ అడుగును చాలామంది దాటేస్తారు, అందుకే డెరైవింగ్ వారికి మంత్రంలా కనిపిస్తుంది. కంపైల్ చేసేటప్పుడు డీడంప్-డెరివ్ అనే జెండా ఇస్తే, కంపైలర్ తాను రాసిన ఇన్‌స్టెన్సులన్నిటినీ (ఒక క్లాసు కోసం ఒక టైపుకు రాసిన కోడ్‌ను ఇన్‌స్టెన్సు అంటారు) తెర మీద పోస్తుంది. పేర్లు పొడవుగా, మాడ్యూల్ ఉపసర్గలతో గజిబిజిగా ఉంటాయి, డీసప్రెస్-ఆల్ జెండా కూడా ఇస్తే కొంత తేటపడుతుంది. దశ టైపుకు వచ్చిన ఈక్‌ను చూడండి: కన్‌స్ట్రక్టర్లన్నిటికీ ఫీల్డులు లేవు కనుక రెండు విలువల కన్‌స్ట్రక్టర్ క్రమసంఖ్యలను తీసుకొని వాటినే పోలుస్తుంది. చేత్తో రాసేవారు ఐదు సమీకరణాలు రాసే చోట అది ఒక్క పూర్ణాంక పోలికతో పని ముగిస్తుంది. ఒక్కసారి ఇలా చూసిన తరువాత, ఏ క్లాసు ఆకారంలో దేన్ని చదువుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు.

నాలుగో అడుగు: న్యూటైప్, వయా

గ్రాములనూ రూపాయలనూ రెండింటినీ వట్టి ఇంట్‌గా (పూర్ణాంకంగా) ఉంచితే ఒకనాడు కాకపోతే ఒకనాడు ఒకదాన్ని మరొకదానికి కూడతారు. వాటికి న్యూటైప్ తొడుగు వేయండి. నడిచే సమయంలో ఈ తొడుగుకు బరువు ఉండదు, లోపలి పూర్ణాంకమే మిగులుతుంది. అందుకే న్యూటైప్ స్ట్రాటజీతో డెరైవ్ చేసినప్పుడు కంపైలర్ కొత్తగా తర్కమేమీ అల్లకుండా, ఇంట్‌కు ఉన్న ఇన్‌స్టెన్సునే తొడుగు మార్చి తెచ్చి ఇస్తుంది.

న్యూటైప్ గ్రాములు = గ్రాములు ఇంట్
  డెరైవింగ్ స్టాక్ షో
  డెరైవింగ్ న్యూటైప్ (ఈక్, ఆర్డ్)
  డెరైవింగ్ (సెమీగ్రూప్, మోనాయిడ్) వయా (సమ్ ఇంట్)

ఇక్కడ అంకగణితపు క్లాసు నమ్ లేకపోవడాన్ని గమనించండి. న్యూటైప్ స్ట్రాటజీతో నమ్‌ను ఒక్క మాటలో తెచ్చుకోవచ్చు, కాని దానితో కూడికతో పాటు గుణకారమూ వస్తుంది. గ్రాములను గ్రాములతో గుణిస్తే వచ్చేది ఏమిటో ఏ కాంటాదారూ చెప్పలేడు. మనకు నిజంగా కావలసింది కూడిక ఒక్కటే, అందుకే వయా. సెమీగ్రూప్ అనేది రెండు విలువలను ఒకటిగా కూర్చే క్లాసు, మోనాయిడ్ దానికి ఖాళీ విలువను కూడా చేర్చేది. 'ఈ టైపు లోపల ఉన్నది ఇంట్, ఆ ఇంట్‌కే సమ్ అనే మరో తొడుగు ఉంది, దానికి సెమీగ్రూప్ అంటే కూడిక, ఆ ఇన్‌స్టెన్సును నాకు అరువివ్వు' అని దాని అర్థం. ఇప్పుడు ఒక లారీలోని సంచుల బరువులన్నిటి మీద, జాబితాను ఒకటిగా కూర్చే ఎంకాన్‌క్యాట్ నడిపితే మొత్తం బరువు వస్తుంది. ఒక కుప్పలో పలుచోట్ల తీసిన తేమ నమూనాలకు సమ్ స్థానంలో మ్యాక్స్ పెడితే అన్నిటిలో ఎక్కువది వస్తుంది. లోపలి సంఖ్య రెండు చోట్లా ఇంటే, కూర్చే పద్ధతి వేరు. ఏ పద్ధతి కావాలో ఆకారం చెప్పలేదు, ఆ ఒక్క మాటను మీరు చెబితే మిగిలిన కోడ్ కంపైలర్‌ది. ఈ సౌకర్యం 2018లో జీహెచ్‌సీ 8.6తో వచ్చింది. నేను రోజూ ఎక్కువగా వాడే స్ట్రాటజీ ఇదే.

ఇక స్ట్రాటజీ పేరు తప్పక రాయమన్నది ఎందుకంటే, న్యూటైప్ డెరైవింగ్, ఎనీక్లాస్ (క్లాసులోని డిఫాల్ట్ కోడ్‌నే వాడుకొనే పద్ధతి) రెండూ తెరిచి ఉన్నప్పుడు మీరు పేరు చెప్పకపోతే కంపైలర్ ఒక హెచ్చరిక పడేసి ఎనీక్లాస్ దారి పడుతుంది. గ్రాముల లోపలి విలువకు ఫీల్డు పేరు పెట్టి ఉంటే, జేసన్‌లో వట్టి 40650 రావలసిన చోట ఆ ఫీల్డు పేరుతో ఒక ఆబ్జెక్టు వెళుతుంది. ప్రోగ్రాం కంపైల్ అవుతుంది, అవతలి యాప్ పడిపోతుంది.

ఐదో అడుగు: మీ సొంత క్లాసుకు జెనెరిక్‌తో కోడ్ పుట్టించడం

ఇప్పటిదాకా కంపైలర్‌కు తెలిసిన క్లాసులే చూశాం. చిట్టాలో సీఎస్‌వీ (గడులను కామాలతో విడదీసే పాఠం) వరుస రాయడం అనే క్లాసు దానికి తెలియదు, మనమే నేర్పాలి. దీనికి జీహెచ్‌సీ 7.2 నుంచి ఉన్న జెనెరిక్ అనే క్లాసు ఆధారం. దానిలో ఫ్రమ్, టూ అని రెండు ఫంక్షన్లు ఉంటాయి. ఫ్రమ్ మీ విలువను విప్పి, అన్ని టైపులకూ ఉమ్మడిగా ఉండే కొద్దిపాటి ముక్కల్లోకి మారుస్తుంది, టూ వాటిని తిరిగి కూర్చి మీ విలువను ఇస్తుంది. ముక్కలు ఇవి: ఫీల్డులు లేని కన్‌స్ట్రక్టర్‌కు యూ1, ఒక్క ఫీల్డుకు కే1, పక్కపక్కన ఉన్నవాటికి లబ్ధం గుర్తు, కన్‌స్ట్రక్టర్ల మధ్య ఎంపికకు మొత్తం గుర్తు, టైపు పేరూ కన్‌స్ట్రక్టర్ పేరూ ఫీల్డు పేరూ మోసుకొచ్చే పొరకు ఎం1. విలువే లేని టైపులకు వీ1 అని మరొకటి ఉంది, దానితో మనకు పని పడదు.

ముందు 'గడి' అనే చిన్న క్లాసు రాయండి. ఒక విలువను తీసుకొని చిట్టాలోని ఒక గడిలో రాయవలసిన పాఠాన్ని ఇవ్వడం దాని ఏకైక పని. ఇంట్‌కు, టెక్స్ట్‌కు, గ్రాములకు, రూపాయలకు, తేమకు, రకానికి, గ్రేడుకు, దశకు దాని ఇన్‌స్టెన్సులను చేత్తోనే రాయండి. చేత్తో ఎందుకంటే, గ్రాములను కిలోలుగా మార్చి మూడు దశాంశ స్థానాలతో చూపాలన్నది గాని, కాంటాఅయింది అనే కన్‌స్ట్రక్టర్‌ను చిట్టాలో 'కాంటా అయింది' అని విడదీసి రాయాలన్నది గాని టైపు ఆకారంలో లేదు.

తరువాత 'వరుస' అనే రెండో క్లాసును ప్రకటించండి, ఇది రికార్డును తీసుకొని గడుల జాబితాను ఇస్తుంది. దీనికి సహాయంగా జెనెరిక్ ముక్కల మీద పనిచేసే మూడో క్లాసు ఒకటి కావాలి, దాన్ని 'ముక్కవరుస' అందాం. దీని పరామితి మామూలు టైపు కాదు, మరో టైపును తీసుకొనే టైపు. ఆ తేడా తెలియక మొదటి రోజు దోష సందేశాలతో కుస్తీ పడతారు, కనుక క్లాసు ప్రకటనలోనే దాని కైండును (టైపుకే ఉండే టైపును) రాసి పెట్టండి. దీనికి నాలుగు ఇన్‌స్టెన్సులు రాయాలి. యూ1కు ఖాళీ జాబితా. కే1కు, లోపలి విలువకు 'గడి' ఉండాలనే షరతుతో, ఒక్క గడి ఉన్న జాబితా. లబ్ధానికి ఎడమ పక్క జాబితాకు కుడి పక్క జాబితాను అతికించడం. ఎం1కు పొర విప్పి లోపలిదానికి పని అప్పగించడం. నాలుగూ తలా ఒక పంక్తి.

మొత్తం గుర్తుకు ఐదో ఇన్‌స్టెన్సు ఏదని మీరు అడగవచ్చు. దాన్ని కావాలనే వదిలేశాను. చిట్టాలో ప్రతి వరుసకూ గడుల సంఖ్య ఒకటే ఉండాలి. రెండు కన్‌స్ట్రక్టర్లున్న టైపులో ఒకదానికి మూడు ఫీల్డులు, మరొకదానికి ఐదు ఉండవచ్చు. ఆ ఇన్‌స్టెన్సు రాయకపోతే, ఎవరైనా పొరపాటున అలాంటి టైపుకు 'వరుస' పుట్టించబోయినప్పుడు కంపైలర్ అక్కడికక్కడే నిలిపేస్తుంది. ఎన్ని ఆకారాలను కలుపుకుపోయామన్నదాని కంటే ఏ ఆకారాన్ని గడప దాటనివ్వలేదన్నదే జెనెరిక్ కోడ్‌లో ఎక్కువ విలువైన నిర్ణయమని నేను అనుకుంటాను. పుస్తకాల్లో ఐదూ రాసి చూపిస్తారు కనుక అలవాటుగా ఐదూ రాసేయకండి.

ఇప్పుడు 'వరుస' క్లాసులోకి తిరిగి వచ్చి డిఫాల్ట్ సిగ్నేచర్ రాయండి: 'ఈ టైపుకు జెనెరిక్ ఉండి, దాని ముక్కల రూపానికి ముక్కవరుస ఉంటే, ఫ్రమ్‌తో విప్పి ముక్కవరుసకు ఇవ్వు'. ఆ పైన కుప్ప రికార్డు కింద స్టాక్‌తో జెనెరిక్‌ను, ఎనీక్లాస్‌తో వరుసను డెరైవ్ చేస్తే పని పూర్తి. రికార్డుకు హమాలీ ఖర్చు అనే ఫీల్డు చేర్చి చూడండి, చిట్టాలో ఆ గడి మీరు ఒక్క పంక్తి రాయకుండానే వచ్చి కూర్చుంటుంది.

ఫీల్డుల పేర్లు ఎం1 పొరలో ఉంటాయి కనుక సెల్‌నేమ్ ఫంక్షన్‌తో వాటిని తీసి చిట్టాకు శీర్షిక వరుసను కూడా పుట్టించవచ్చు. అయితే వచ్చేవి మీరు కోడ్‌లో రాసుకున్న ఇంగ్లిషు పేర్లు. కేంద్రం గోడకు అతికించే చిట్టాలో 'తేమ శాతం', 'సంచులు' అని ఉండాలంటే పేర్ల పట్టిక ఒకటి విడిగా రాయక తప్పదు. మరో జాగ్రత్త: ఐదారు ఫీల్డులుంటే లబ్ధం గుర్తులు ఎడమకు వాలుతాయా కుడికి వాలుతాయా అన్నదాని మీద ఆధారపడకండి. జీహెచ్‌సీ వాటిని రెండు పక్కలా సమంగా ఉండేలా చెట్టు ఆకారంలో పేరుస్తుంది, ఆ పేర్పు మారదని అది మాట ఇవ్వదు. అతికించడం అనే పని ఎటు వాలినా ఒకే ఫలితమిస్తుంది కనుక మన కోడ్‌కు భయం లేదు. కామా ఉన్న గడులను కొటేషన్లలో పెట్టే పనిని గడుల స్థాయిలో కాక, వరుసను చివర అతికించే ఒక్క చోటే చేయండి. ఎక్సెల్‌లో తెలుగు చెదిరిపోతే ఫైలు మొదట్లో యూటీఎఫ్-8 బీఓఎం గుర్తు చేర్చండి.

ఎనీక్లాస్ నిజానికి చేసే పని చాలా చిన్నది. ఒళ్ళు లేని ఇన్‌స్టెన్సును ప్రకటించి, మిగతా భారాన్ని క్లాసులోని డిఫాల్ట్‌ల మీద వదిలేస్తుంది. డిఫాల్ట్‌లు సరిగా లేని క్లాసుకు దాన్ని వాడితే ప్రమాదమే. ఈక్‌లో సమానం అనేది అసమానం మీద, అసమానం తిరిగి సమానం మీద ఆధారపడి ఉంటాయి కనుక, ఎవరైనా ఎనీక్లాస్‌తో ఈక్ తెచ్చుకుంటే ప్రోగ్రాం కంపైల్ అయి, మొదటి పోలిక దగ్గరే అంతులేకుండా తిరుగుతూ ఉండిపోతుంది. 'మిస్సింగ్ మెథడ్స్' హెచ్చరికను దోషంగా మార్చే జెండా పెట్టుకుంటే ఇది కంపైల్ దశలోనే పట్టుబడుతుంది.

ఆరో అడుగు: జేసన్

దీనికి ఏసన్ అనే గ్రంథాలయం వాడతారు. గ్రీకు పురాణంలో జేసన్ తండ్రి పేరు ఏసన్, పేరు పెట్టినవారి చమత్కారం అది. జెనెరిక్ ఉన్న రికార్డుకు టూజేసన్, ఫ్రమ్‌జేసన్ క్లాసులను ఎనీక్లాస్‌తో తెచ్చుకోవచ్చు. ఐదో అడుగు మీరు స్వయంగా చేసి ఉంటే లోపల జరిగేది కొత్తగా అనిపించదు, అదే పద్ధతి, మొత్తం గుర్తును కూడా కలుపుకొని.

అయితే ఇక్కడ పుట్టే కోడ్ మీ ప్రోగ్రాం గోడలు దాటి బయటికి పోతుంది. లోపల ఒక ఫీల్డు పేరును బాగుచేస్తే బయటి యాప్‌కు వెళ్ళే పేరు కూడా మారిపోతుంది, ఆ యాప్ ఏ ఊళ్ళో ఎవరి ఫోన్‌లో ఉందో మీకు తెలియదు. కనుక బయటికి పంపే రూపానికి వేరే రికార్డు టైపు పెట్టి దానికే జేసన్ పుట్టించండి, లోపలి కుప్ప నుంచి దానిలోకి మార్చే ఫంక్షన్‌ను చేత్తో రాయండి. పది పంక్తుల శ్రమ అది. ఒక విలువను జేసన్‌గా మార్చి, తిరిగి చదివి, మొదటిదానితో సమానమా అని చూసే పరీక్ష ఒకటి, పంపే పాఠాన్ని ఫైలులో దాచిన పాత పాఠంతో అక్షరం అక్షరం పోల్చే పరీక్ష మరొకటి చేర్చండి. మొదటి పరీక్ష ఒక్కటే చాలదు, ఎందుకంటే ఫీల్డు పేరు మారినప్పుడు రాసేదీ చదివేదీ రెండూ కలిసే మారి ఆ పరీక్ష నెగ్గుతుంది.

టెంప్లేట్ హాస్కెల్ ఎప్పుడు

2002 నుంచి ఉన్న ఈ పద్ధతిలో టైపు నిర్వచనాన్ని రీఫై అనే ఫంక్షన్‌తో చదివి, కొత్త ఫంక్షన్లనూ కొత్త పేర్లనూ సైతం కంపైల్ సమయంలోనే రాయించవచ్చు. జెనెరిక్ ఇన్‌స్టెన్సులకు కోడ్ ఇస్తుంది గాని పైస్థాయి కొత్త పేర్లను పుట్టించలేదు. ప్రతి ఫీల్డుకూ సొంత పేరుతో ఒక లెన్స్ (ఆ ఫీల్డును చదవడానికీ మార్చడానికీ వాడే ఫంక్షన్) కావాలన్నప్పుడు ఇదే దారి. ప్రతిఫలంగా కంపైల్ నెమ్మదిస్తుంది, కోడ్ పుట్టించే ఫంక్షన్ వేరే మాడ్యూల్‌లో ఉండాలనే నియమం వస్తుంది, స్ప్లైస్‌కు (పుట్టించిన కోడ్‌ను చొప్పించే చోటుకు) కింద రాసినవి పైవాటికి కనిపించకుండా పోతాయి. కొనుగోలు కేంద్రం వంటి ప్రోగ్రాంలో నాకు దీని అవసరం రాలేదు.

చివరి అడుగు: కొత్త దశను చేర్చి చూడటం

ఇప్పుడు నన్ను మొదట్లో దెబ్బతీసిన మార్పునే మీరు చేయండి. తేమ ఎక్కువైందనో, తాలు ఉందనో మిల్లు నుంచి లారీ తిరిగి రావడం ఉంటుంది, దానికి 'తిరిగొచ్చింది' అనే దశ కావాలి. దాన్ని టైపులో ఎక్కడ రాస్తారు? మిల్లుకుపోయింది తరువాత రాస్తే, 'కల్లం దాటినవి' అని పెద్దా చిన్నా చూసి ఏరిన జాబితాలోకి కల్లంలోనే ఉన్న కుప్ప వచ్చి చేరుతుంది. కాంటాఅయింది తరువాత, మిల్లుకుపోయింది కంటే ముందు రాస్తే, ఇంకా మిల్లుకే పోని కుప్ప కంటే ఒకసారి పోయివచ్చిన కుప్ప సరిగ్గా ఒక మెట్టు ముందున్నట్టు అవుతుంది, దానికి ఏ అర్థమూ లేదు. దశలు ఇక ఒకే గీత మీద లేవు, కనుక ఎక్కడ రాసినా పుట్టించిన ఆర్డ్ తప్పే.

కాబట్టి డెరైవింగ్ జాబితాలో నుంచి ఆర్డ్‌ను తీసేసి బిల్డ్ చేయండి. దశల క్రమం మీద ఆధారపడిన ప్రతి చోటునూ కంపైలర్ పంక్తి సంఖ్యతో సహా చూపుతుంది. మ్యాప్‌కు (కీతో విలువను వెతికే పట్టికకు) కీగా దశను వాడి ఉంటే అదీ బయటపడుతుంది, ఆ ఒక్క చోట దశ పేరును కీగా పెట్టుకోండి. మిగిలిన చోట్ల 'కల్లం దాటిందా', 'కాంటా పడిందా' అనే ఫంక్షన్లను, అండర్‌స్కోర్ గీత లేకుండా, ఆరు దశలకూ ఆరు పంక్తులుగా చేత్తో రాయండి. ఈక్, షో, ఈనమ్, బౌండెడ్ అలాగే ఉంటాయి. డ్రాప్‌డౌన్‌లో ఆరో పేరు అప్పటికే వచ్చి ఉంటుంది, దశను తెలుగులో చూపే 'గడి' ఇన్‌స్టెన్సు దగ్గర మాత్రం ఒక కన్‌స్ట్రక్టర్‌ను వదిలేశారని హెచ్చరిక కనిపిస్తుంది. అక్కడ 'మిల్లు నుంచి తిరిగొచ్చింది' అని రాసి మళ్ళీ బిల్డ్ చేయండి.